తిమ్మిరి వదిలే వేళ

అది అరవై నిమిషాల క్యాసెట్టు. 1992లో హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఒక సందులో చిన్న షాపు ఉండేది. పాటల జాబితా రాసిచ్చి ఖాళీ క్యాసెట్టు చేతిలో పెడితే వారం తిరిగేసరికి నింపి ఇచ్చేవాళ్లు. నా జాబితాలో ఆఖరిది పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'కంఫర్టబ్లీ నంబ్'. హాస్టల్ గదికి తెచ్చుకుని వింటున్నాను. పాట చివర గిటారు పైకి లేస్తోంది, ఇంకా లేస్తోంది, ఇంతలో టక్కుమని బటను ఎగిరింది. టేపు అయిపోయింది. మర్నాడు వెళ్లి గొడవ పెట్టుకుంటే షాపాయన నా వంక జాలిగా చూశాడు.

"మాటలైతే మొత్తం వచ్చినయ్ గద తమ్మీ. ఇంకేం గావాలె?"

ఆయన తప్పేం లేదు. మన సినిమా పాటలో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యం, హీరోయిన్ చీర మార్చుకుని కొండ మీదికి చేరుకోవడానికి ఇచ్చే వ్యవధి. మాటలు అయ్యాయంటే పాట అయినట్టే. నాకు మాత్రం ఆ పాట మాటలు అయిపోయాకే మొదలవుతుందనిపించింది. ఎందుకలా అనిపించిందో ఆయనకు ఆ రోజు చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లుగా మనసులోనే చెప్పుకుంటున్నాను.

ఆ పాట ఉన్న 'ది వాల్' అనే జంట ఎల్పీ రికార్డు 1979 నవంబరు ఆఖర్లో వచ్చింది. అందులో పింక్ అనే రాక్ గాయకుడు కచేరీకి ముందు హోటల్ గదిలో స్పృహ తప్పి పడి ఉంటాడు. హాల్లో జనం ఎదురుచూస్తున్నారు. డాక్టర్ని పిలిపిస్తారు. ఆయన సూది పొడుస్తాడు, మనిషిని నయం చేయడానికి కాదు, ఆ రాత్రికి స్టేజి మీద నిలబెట్టడానికి. మాటలు రాసిన రోజర్ వాటర్స్‌కి ఇది సొంత అనుభవమే. 1977లో ఫిలడెల్ఫియా కచేరీకి ముందు కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే ఇలాగే ఇంజెక్షన్ ఇచ్చి పంపారని తర్వాత చెప్పుకొచ్చాడు. బాణీ మాత్రం గిటారు వాయించే డేవిడ్ గిల్మోర్ది.

పాటలో ఇద్దరు మాట్లాడతారు. చరణాల్లో డాక్టరు. ఆ గొంతు వాటర్స్‌ది. బి మైనర్‌లో, పొడిగా, వార్డులో రౌండ్స్‌కొచ్చిన మనిషి ప్రశ్నల్లా ఉంటుంది. పల్లవిలో రోగి. ఆ గొంతు గిల్మోర్ది. అక్కడికి రాగానే శ్రుతులు డి మేజర్‌లోకి తెరుచుకుంటాయి, మైకెల్ కేమెన్ కూర్చిన ఆర్కెస్ట్రా కింద నుంచి మెల్లగా ఎత్తుకుంటుంది, చిన్నప్పుడు జ్వరంలో తేలిపోయిన జ్ఞాపకమొకటి కదులుతుంది. రోగి చెప్పేదొక్కటే. నొప్పి లేదు, హాయిగా మొద్దుబారిపోయాను.

ఈ పాటలో గిటారు సోలోలు రెండు. అందరూ రెండోదాని గురించే మాట్లాడతారు. మొదటిది అరనిమిషం ఉంటుందంతే. పల్లవి శ్రుతుల మీదే, డి మేజర్ వెలుగులోనే నడుస్తుంది. తొందర లేదు. గిల్మోర్ ఒక స్వరాన్ని మీటి వదలడు, తీగను పక్కకి నెడుతూ పై స్వరం దాకా తీసుకెళ్లి అక్కడ కాసేపు నిలబెట్టి వణికిస్తాడు. వేడి ఒంటి మీద తడిగుడ్డ వేసినట్టుంటుంది. ఈ అరనిమిషాన్ని నేను రెండోదానికంటే తక్కువగా చూడను. దీని హాయి ఒంటికి పట్టకపోతే రెండోదాని నొప్పి తెలియదు.

తీగను పక్కకి నెట్టడం అన్నాను. దీన్ని తెలుగువాడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. వీణ వాయించేవాళ్లని దగ్గర్నుంచి చూసినవాళ్లకి తెలుసు, మెట్టు మీద తీగను పక్కకి లాగి ఒక్క మెట్టు మీదే పై స్వరాలను పలికిస్తారు. గమకం అక్కడ పుడుతుంది. గిటారు వాళ్లు దీన్నే బెండ్ అంటారు. మెట్ల మధ్య ఖాళీ ఉంటుంది కదా, పియానోకి ఎప్పటికీ అందని జాగా అది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎంతసేపట్లో చేరాడు, దారిలో ఎక్కడ తటపటాయించాడు, చేరాక ఊపిరి పీల్చుకున్నాడా లేదా అన్నదంతా ఆ ఖాళీలోనే వినిపిస్తుంది. స్వరాలు మహా అయితే అయిదారు. రెండో సోలోలో ఎక్కువ భాగం బి మైనర్ పెంటటోనిక్, అంటే లెక్కకి మన శుద్ధధన్యాసి స్వరాలే. రాగం అని మాత్రం అనను, దాని నడక వేరు, పెరిగిన ఇల్లు వేరు.

ఇక రెండోది. రోగి తన మొద్దుబారుడు గురించి ఆఖరి మాట అనేశాడు. డ్రమ్ములు ఒక్కసారి బరువెక్కుతాయి. గిటారు గొంతు మారిపోయి ఉంటుంది. బిగ్ మఫ్ అనే ఫజ్ పెడల్ గుండా వచ్చే ఆ శబ్దానికి అంచులు చిరిగి ఉంటాయి, నడుమ మాత్రం చిక్కటి పాలలా ఉంటుంది. మొదటి వాక్యం కాగానే కింది తీగల్లోకి దిగి గుర్రుమంటుంది. అక్కణ్ణుంచి మెట్టుమెట్టుగా పైకి. ప్రతి వాక్యం తర్వాతా ఓ చిన్న ఆగుడు. ఆ ఆగుడులో కింద శ్రుతులు మారుతూ ఉంటాయి, బి మైనర్, ఎ, జి, ఇ మైనర్, మళ్లీ మొదటికి.

ఆ శ్రుతులు ఎక్కడివో గుర్తు పట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అవి డాక్టరువి. చరణాల్లో ప్రశ్నలు నడిచిన వరసే అది. రోగి గొంతైన గిల్మోర్ ఇప్పుడు తన పల్లవి వెలుగు వదిలేసి, డాక్టరు గదిలో, డాక్టరు నేల మీద నిలబడి వాయిస్తున్నాడు. ఎక్కడ నొప్పి అని అడిగావు కదా, విను అన్నట్టు. ఇంతసేపూ నొప్పి లేదన్నది నోరు. తీగ ఆ మాట ఒప్పుకోదు.

కాలు మడతేసుకుని కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది. ఆ తిమ్మిరి ఉన్నంతసేపూ నొప్పి తెలియదు, కాలు మనది కానట్టే ఉంటుంది. లేచి నిలబడ్డాక నెత్తురు మళ్లీ పారేటప్పుడు చూడాలి, సూదులు, చీమలు, ఎక్కడ అడుగు పెట్టినా ప్రాణం జివ్వుమంటుంది. రెండో సోలో నాకు అచ్చం అలా వినిపిస్తుంది. మొద్దుబారినవాడి ఒంట్లోకి ప్రాణం తిరిగొచ్చేటప్పటి పోట్లు. తీగ లాగిన ప్రతిసారీ ఇంకో వేలు కదిలినట్టుంటుంది.

ఇంత ఆవేశం ఒక్క ఊపులో పుట్టిందనుకుంటాం. గిల్మోర్ చెప్పిన మాట వేరే. అయిదారు సోలోలు విడివిడిగా రికార్డు చేసి, ఏ ముక్క బావుందో కాగితం మీద టిక్కులు పెట్టుకుని, మిక్సింగ్ బల్ల దగ్గర ఫేడర్లు ఎత్తుతూ దించుతూ ఒక దాని నుంచి ఇంకో దానిలోకి గెంతి మొత్తం కూర్చాడట. మొదట విన్నప్పుడు కాస్త చివుక్కుమంది. అయినా పద్యం చదివేటప్పుడు కవి ఎన్ని కొట్టివేతలు చేశాడని అడుగుతామా? అతుకులు ఎక్కడున్నాయో వెతకడానికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసార్లు కూర్చున్నాను. దొరకలేదు.

అతుకుల్లేని ఏడుపు కావాలంటే ఎడ్డీ హేజెల్ దగ్గరికి వెళ్లాలి. 1971లో ఫంకడెలిక్ వాళ్ల 'మాగట్ బ్రెయిన్', డెట్రాయిట్‌లో రికార్డయింది, పది నిమిషాలు దాటుతుంది. హేజెల్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు. బృంద నాయకుడు జార్జ్ క్లింటన్ అతన్ని కూర్చోబెట్టి, మీ అమ్మ పోయిందన్న కబురు వచ్చిందనుకుని వాయించు అన్నాడట. తర్వాత, ఆ కబురు అబద్ధమని తెలిసిందనుకుని వాయించు అన్నాడట. వచ్చింది విని మిక్సింగులో డ్రమ్ములతో సహా మిగతావాళ్లని దాదాపు తుడిచేశాడు క్లింటన్. వెనక ఇంకో గిటారు నాలుగు తీగలు నెమ్మదిగా మీటుతూ ఉంటుంది, పీనుగు పక్కన కూర్చుని తల నిమురుతున్న ముసలావిడలా. ముందు ఈ కుర్రాడు ఒక్కడే. నడుమ ఎకోలో తన గొంతు తనకే తిరిగొస్తుంటే దానికి తానే బదులిస్తూ పోతాడు. గిల్మోర్ సోలో ఎన్నిసార్లయినా వినగలను. దీన్ని ఏడాదికి ఒకసారి, అదీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

నలుగురూ మెచ్చే 'హోటల్ కాలిఫోర్నియా' ముగింపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే హాస్టల్ మిత్రులు ఊరుకోరు. డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఇద్దరూ వంతులు మార్చుకుంటూ వాయించి చివర జంటగా మెట్లు దిగే తీరు ముచ్చటగానే ఉంటుంది. ఫెల్డర్ ఇంట్లో చేసుకున్న డెమోలో ఉన్నట్టే ఉండాలని ఆ పాట పాడిన డాన్ హెన్లీ పట్టుబడితే, మయామీ స్టూడియో నుంచి ఇంటి పనిమనిషికి ఫోన్ చేసి ఆ క్యాసెట్టు ఫోన్లో వినిపించమన్నామని ఫెల్డర్ చెబుతాడు. పాట నున్నగా ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండటానికి కారణం అదేనేమో. నాకు చొక్కా కొంచెం నలిగి ఉండాలి.

నలుగుడు మరీ ఎక్కువైనా ఇష్టమే. నీల్ యంగ్ 1969 నాటి 'సినమన్ గర్ల్'లో సోలో అని చెప్పి ఒకే స్వరాన్ని పదేపదే కొడతాడు. తలుపు తీసేదాకా కదలని మనిషిలా. నవ్వొస్తుంది, ఆపైన తలుపు తీయాలనిపిస్తుంది.

గిటారిస్టు బ్రయాన్ మేది ఇంకో తరహా ముద్దు. తండ్రితో కలిసి ఇంట్లో చేసుకున్న గిటారు అది. పాత నిప్పుగూడు చుట్టూ ఉన్న మహాగని చెక్క మెడ అయింది, మోటారుసైకిలు స్ప్రింగులు, అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు అందులో చేరాయి. మీటడానికి ఆరు పెన్నీల బిళ్ల. 1975 'బొహీమియన్ రాప్సడీ'లో ఫ్రెడ్డీ మెర్క్యురీ ఏడుపు పాటకీ ఆ తర్వాతి ఒపెరా హడావిడికీ నడుమ ఆ బిళ్ల అంచు తీగను గీరే చప్పుడు సైతం వినిపిస్తుంది. గాయకుడి బాణీని మళ్లీ అనకుండా, అతను పాడకుండా మిగిల్చిన ఇంకో చరణాన్ని గిటారు పాడుతుంది. చటుక్కున అయిపోతుంది.

మళ్లీ గోడ దగ్గరికే వస్తాను. 1980 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలస్‌లో 'ది వాల్' ప్రదర్శన మొదలైంది. సగం కచేరీ అయ్యేసరికి అట్టపెట్టెల ఇటుకలతో కట్టిన పెద్ద గోడ బృందాన్ని మొత్తం మూసేస్తుంది. వాటర్స్ డాక్టరుగా కింద నిలబడి పాడతాడు. పైన చీకటి. పల్లవి దగ్గర ఒక్కసారి వెనక నుంచి లైట్లు పడితే గోడ శిఖరాన గిల్మోర్ ఆకారం. సోలో వాయించేది అక్కణ్ణుంచే. 1994లో లండన్ ఎర్ల్స్ కోర్టులో వాటర్స్ లేడు, గోడా లేదు. ఓ పెద్ద అద్దాల గోళం విచ్చుకుంటుంటే నాలుగు నిమిషాలు దాటి వాయించాడు. ఎల్పీలోని వాక్యాలు మొదట పలకరిస్తాయి, తర్వాత ఎటో వెళ్లిపోతాడు. ఎల్పీలో ఆ సోలో వాయించిన నల్ల స్ట్రాటోకాస్టర్‌ని 2019లో న్యూయార్క్‌లో వేలం వేస్తే 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. డబ్బు పర్యావరణ సంస్థకిచ్చేశాడు. గిటారు పోయినా వేళ్లు ఆయన దగ్గరే ఉన్నాయి కనుక నాకు దిగులేమీ కలగలేదు.

హాస్టల్ వదిలి ఉద్యోగంలో చేరాక, మొదటి జీతంతో 'ది వాల్' అసలు క్యాసెట్లు కొన్నాను. గదిలో దీపం ఆర్పేసి, ఆ షాపాయన కత్తిరించిన చోటు కోసం కాచుక్కూర్చున్నాను. గిటారు లేచింది. నా టేపు తెగిన స్వరం వచ్చింది, దాటింది. అవతల ఏముందో ఇన్నాళ్లకి తెలుస్తుందని ముందుకు వంగాను. తీగ ఫ్రెట్‌బోర్డు పై కొసకి చేరింది, ఇంకా పైకి లాగుతున్నాడు, అంతలో శబ్దం తగ్గడం మొదలైంది. అసలు రికార్డులోనూ దానికి ముగింపు లేదు. ఫేడ్ చేసేశారు. అతను వాయిస్తూనే ఉన్నాడు, వినిపించడం మాత్రం తగ్గిపోతోంది. నేను వాల్యూమ్ తిప్పాను. ఇంకా తగ్గింది. ఇంకా తిప్పాను. చివరికి మీట తిరగాల్సినంతా తిరిగిపోయింది, టేపు సర్రుమని పారుతోంది, ఆ సర్రులో ఎక్కడో అడుగున ఒక తీగ ఇంకా పైకి పోతున్నట్టే ఉంది.