ఎమిలీని ఎవరడిగారు?

చచ్చినవాళ్ళు లేచి వచ్చే సినిమా అనగానే మనకు తెల్లచీర, విరబోసిన జుట్టు, అర్ధరాత్రి గజ్జెల చప్పుడు గుర్తొస్తాయి. 2023లో వచ్చిన ‘బర్త్/రీబర్త్’ అనే అమెరికా సినిమాలో అవేవీ లేవు. దర్శకత్వం లారా మాస్. ఇందులో భయపెట్టేవి సూది, సీసా, ఫ్రిజ్, ఆస్పత్రి డ్యూటీలు. మేము దీన్ని రెండుసార్లు చూశాం. మొదటిసారి కథ కోసం చూశాం. రెండోసారి, కథలో సగం మాత్రమే కనిపించే ఒక గర్భిణి కోసం చూశాం.

న్యూయార్క్‌లో ఒక ఆస్పత్రి. సెలీ అక్కడ కాన్పుల వార్డులో నర్సు. మొగుడు లేడు, ఆరేళ్ళ కూతురు లైలా ఉంది. అదే ఆస్పత్రిలో శవాలు కోసి పరీక్షించే డాక్టరు రోజ్. ఆమెకు బతికున్న మనుషులతో మాట్లాడడం రాదు, అవసరమూ లేదు. ఒకరోజు లైలాకు ఒళ్ళు బాగుండదు. డ్యూటీ మానే వీలు లేక సెలీ పిల్లను పక్కింటామె దగ్గర వదిలి పనికి పోతుంది. మెదడు పొరల వాపుతో పిల్ల ఆ రోజే చనిపోతుంది. తల్లికి శవం కూడా దొరకదు. వెతుక్కుంటూ పోతే రోజ్ ఇంట్లో, యంత్రాల మధ్య, ఊపిరి తీస్తూ లైలా ఉంటుంది.

సెలీ పోలీసులను పిలవదు. వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. ఇద్దరూ వంతులు వేసుకుని పిల్లను కాస్తారు, ఒకరు పనికి పోతే ఒకరు మంచం దగ్గర. సినిమాలో అన్నిటికంటే మంచి భాగం ఇదే. చావును వెనక్కి తిప్పే పని ఇక్కడ వంట, గిన్నెలు, పక్కబట్టల లాంటి ఇంటిపని అయిపోతుంది. పిల్ల కంటే ముందే చచ్చి లేచిన పంది ఒకటి, పేరు మ్యూరియెల్, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. దాన్ని చూసి మొదట నవ్వొచ్చింది మాకు. తర్వాత రాలేదు. సెలీగా జూడీ రేయెస్, రోజ్‌గా మారిన్ ఐర్లండ్ ఎక్కడా అరిచి నటించలేదు.

ఈ కథకు తాత ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అని చూస్తూనే తెలుస్తుంది. 1818లో ఆ నవల అచ్చయ్యేటప్పటికి మేరీ షెల్లీకి ఇరవై ఏళ్ళు. అంతకు మూడేళ్ళ ముందు ఆమెకు నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కొద్ది రోజులకే చనిపోయింది. మంట దగ్గర పెట్టి రుద్దితే ఆ బిడ్డ మళ్ళీ బతికినట్టు కల వచ్చిందని తన డైరీలో రాసుకుంది. ఆ తర్వాత వచ్చిన సినిమాలు చాలావరకు ఆ తల్లిని మరిచిపోయి పిచ్చి శాస్త్రజ్ఞుడినీ, ఉరుములనూ, కుట్లు వేసిన ముఖాన్నీ పట్టుకున్నాయి. లారా మాస్ ఆ కల కన్న తల్లి దగ్గరికి మళ్ళీ పోయారు. అందుకు మెచ్చుకోవాలి.

ఇక మందు సంగతి. లైలాను నిలబెట్టే మందు గర్భంలోని పిండం కణాల నుంచి వస్తుంది. రోజ్ దాన్ని తన ఒంట్లోంచే తీసుకుంటుంది. తానే గర్భం తెచ్చుకుని, తానే తీసేసుకుని, మందు చేసుకుంటుంది. చూడలేం. కానీ అక్కడిదాకా రోజ్ మీద మాకు కోపం రాలేదు, ఎందుకంటే ఖర్చయ్యేది ఆమె ఒళ్ళే. తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చి ఆమెకు ఇక గర్భం నిలిచే దారి పోతుంది. అప్పుడు ఇంకొక ఒళ్ళు కావాలి. సెలీ వార్డుకు వచ్చే ఎమిలీ అనే గర్భిణి కణాలు లైలాకు సరిపోతాయి. ఆమెను అడగరు. మళ్ళీ పరీక్ష చెయ్యాలని నమ్మించి కడుపులోకి సూది దించి ఉమ్మనీరు తీస్తారు. నమ్మించేది సెలీయే. ఏళ్ళ తరబడి గర్భిణుల చెయ్యి పట్టుకున్న మంచి నర్సు కాబట్టే ఆమె మాట నమ్ముతారు.

మా గొంతులో ముల్లులా దిగింది ఇక్కడే. ఎందుకో చెప్పాలి.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలంతో సహా మూడు మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు పద్నాలుగు వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. ఒక అమెరికా సంస్థ, మన ప్రభుత్వాలు కలిసి చేసిన అధ్యయనం అది. పిల్లల్లో చాలామంది హాస్టళ్ళలో ఉండి చదువుకునే ఆదివాసీ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవై 2010లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. మేము ఆ టీకాకు వ్యతిరేకం కాదు. అది క్యాన్సర్‌ను ఆపే టీకా, మన పిల్లలకు కూడా అందాలి. మా మాట సంతకం గురించి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది. చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. తల్లి ఊళ్ళో ఉంది, తండ్రి పోడులో ఉన్నాడు, పిల్ల చెయ్యి చాపింది. వార్డెన్ చెడ్డవాడై సంతకం పెట్టాడని మేము అనం. పిల్లకు మంచిదే అనుకుని పెట్టి ఉంటాడు. సెలీ కూడా పిల్ల కోసమే కదా.

అందుకే సినిమా మీద మా ఫిర్యాదు ఒకటుంది. కెమెరా రోజ్ ఇంట్లో ఉంటుంది, సెలీ ఏడుపు దగ్గర కూర్చుంటుంది. ఎమిలీ వెంట మాత్రం ఇంటికి పోదు. రెండోసారో మూడోసారో సూది పొడిపించుకున్న ఆ మనిషి రాత్రి ఎలా పడుకుందో, ఏం అనుమానపడిందో మనకు తెలిసేది తక్కువ. ఈ మాట అంటే మాలో ఒకరు ఒప్పుకోలేదు. సెలీకి ఎమిలీ ఎలా కనిపిస్తుందో మనకూ అలాగే చూపించారు, అదే దర్శకత్వం అన్నారు. కావచ్చు. అవసరం ఉన్న తల్లి కంటికి అవతలి తల్లి ఒక సీసాగా కనిపించడమే ఇందులోని భయం అయితే ఆ వాదన నిలుస్తుంది. అయినా సినిమా అయ్యాక అందరూ సెలీ, రోజ్‌ల గురించే మాట్లాడుకుంటారు. మేమూ మొదటిసారి అంతే చేశాం.

ఇంకొక మాట. పోయినవాళ్ళు తిరిగి రావడం మన కొండల్లో వింతేమీ కాదు. ఒడిశా గజపతి కొండల సవరలు, అంటే మన సీతంపేట వైపు సవరల బంధువర్గమే, చనిపోయినవాళ్ళను పిలిచి మాట్లాడేవాళ్ళు. పూనకం వచ్చిన స్త్రీ నోట ఆ మనిషి వచ్చి ఎలా పోయాడో చెప్తాడు, నన్నెందుకు సరిగా చూడలేదని నిలదీస్తాడు. బతికినవాళ్ళు ఏడుస్తారు, గట్టిగా వాదిస్తారు. ఇది ఒక్కరోజుతో అయ్యేది కాదు, ఏళ్ళు నడుస్తుంది. మాటలు జరిగే కొద్దీ పోయినవాళ్ళ కోపం తగ్గి పెద్దల్లో కలుస్తారు. చర్చిలు వచ్చాక ఈ మాటలు చాలా ఊళ్ళలో ఆగిపోతున్నాయి. రోజ్ ఇంట్లో లేచిన లైలా దగ్గర మాటలు చాలా తక్కువ. ఆ రోజు నన్ను వదిలి ఎందుకు పోయావని ఆ పిల్ల తల్లిని అడగలేదు, తల్లి జవాబు చెప్పలేదు. శరీరం వచ్చింది, ఆ ప్రశ్న రాలేదు. దాని మీద మందు ఎంత పోసినా సెలీకి చాలదు, ఇంకా కావాలి.

చివరికి సెలీ ఎందాకా పోతుందో ఇక్కడ రాయం. రక్తం ఎక్కువే, పిల్లలతో కూర్చుని చూసేది కాదు. గర్భిణులు కూడా ఇప్పుడు వద్దు. ఏజెన్సీలో పనిచేసే ఏఎన్‌ఎం అక్కలు, హాస్టల్ వార్డెన్లు మాత్రం వీలైతే చూడండి. చూసేటప్పుడు ఎమిలీ వార్డులోకి వచ్చిన ప్రతిసారీ ఆమె ముఖం గమనించండి. సెలీని చూసి ఆమె స్థిమితపడుతుంది.