పులిని కట్టే తెలివి

అరకు లోయలో థింసా నృత్యం చూసినవాళ్ళ కళ్ళలో చాలాకాలం నిలిచిపోయేది చేతుల గొలుసు. ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు కలుపుకుని, తుడుము అనే డప్పు దెబ్బకూ మోరి అనే ఊదే వాద్యం పాటకూ అడుగులు సరిచూసుకుంటూ స్త్రీలు బారుగా సాగుతారు. అందులో బాగ్ థింసా అని ఒక రకం ఉంది. బాగ్ అంటే పులి. కొందరు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు. మిగిలినవాళ్ళు తలలు వంచి, మునివేళ్ళ మీద కదులుతూ ఆ వలయంలోకి దూరి, పాము చుట్టలా చుట్టుకుపోతారు. పులి మీదికొస్తే తప్పించుకునే నేర్పు అది. అడవిలో బతికినవాళ్ళ అనుభవం అడుగుల్లో చేరి ఇంతకాలం నిలిచింది.

అరకులో 1996లో ఏర్పడిన గిరిజన మ్యూజియంలో కొండవాసుల బతుకు తీరును బొమ్మలు, పనిముట్లు, నగలు చూపిస్తాయి. తప్పక చూడవలసిన చోటు. కానీ తుడుమును దాచినంత తేలిగ్గా తుడుము వేగం మారినప్పుడు అడుగు ఎలా మారుతుందో దాచలేం. అది ఆడేవాళ్ళ దగ్గరే ఉంటుంది. నాట్యాన్నీ క్రీడనీ మన తెలుగు ఒక్క ‘ఆట’ అనే మాటతోనే పిలుస్తుంది. రెంటి చరిత్రనూ కాపాడే చిక్కు కూడా ఒక్కటే.

మైదానపు ఊళ్ళ రచ్చబండల మీద ఆడే పులి-మేక చూడండి. త్రికోణం, దానికి అడ్డంగా గీతలు, గీతలు కలిసే 23 చోట్లు. మూడు పులులు, పదిహేను మేకలు. ముందు పులులు పైకొసన దిగుతాయి. మేకల్ని ఒక్కొక్కటిగా పెట్టాలి, అన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం మొదటినుంచీ కదులుతుంది. పక్కనున్న మేక వెనక చోటు ఖాళీగా ఉంటే దాని మీదుగా దూకి చంపుతుంది. అందుకే తెలిసినవాళ్ళు తొలి మేకల్ని అంచుల్లో, వెనక్కి దూకే దారి లేనిచోట పెడతారు. తర్వాత జంటలు జంటలుగా లోపలికి జరుపుతారు. వరుసలో ఒకదాని వెనక ఒకటి రెండు మేకలుంటే పులి దూకలేదు. కదలడానికి చోటు లేక మూడు పులులూ నిలిచిపోయాయంటే పులులు కట్టుబడినట్టే. చేతులు కలిపి నిలిచిన బాగ్ థింసా గుంపుదీ, జంటగా నిలిచిన మేకలదీ ఒకటే తెలివి.

ఇందులో పదిహేను అన్న అంకె ఎక్కడిది? మేకలు మరీ తక్కువైతే పులి ఊరికే గెలుస్తుంది, మరీ ఎక్కువైతే దానికి ఊపిరాడదు. రెండు పక్షాలకూ ఆశ మిగిలేలా ఎవరో ఆడి, ఓడి, అంకె మార్చి, మళ్ళీ ఆడి తేల్చిన లెక్క కావచ్చు అది. ఎన్ని మేకలు పోతే ఓటమి అన్న దగ్గర ఊరికో మాట వినిపిస్తుంది. ఆ తేడాలను తప్పులుగా కొట్టెయ్యకూడదు. ఆట ఎలా పెరిగిందో చెప్పే ఆనవాళ్ళు అవే. హంపి శిథిలాల్లో రాతి నేలల మీద చెక్కిన ఆటగళ్ళు నేటికీ ఉన్నాయి. గీతలు మిగిలాయి. కానీ వాటి మీద ఎవరు ఏ లెక్కతో ఆడారో, ఏ ఎత్తుకు ఎవరు మురిసిపోయారో రాయి చెప్పదు.

ఈ నష్టం నిన్నమొన్నటి వీడియో గేములకూ తప్పలేదు. జోర్డన్ మెక్నర్ అనే అమెరికన్ 1985లో తన తమ్ముడు పరిగెత్తడం, దూకడం, ఎక్కడం వీడియో తీశాడు. ఆ కదలికలను ఒక్కో ఫ్రేమూ బొమ్మగా గీసి, 1989లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం ప్రిన్స్ ఆఫ్ పర్షియా తెచ్చాడు. ఆ యంత్రంలో మరో పాత్రకు జాగా లేకపోతే రాకుమారుడి బొమ్మలనే మార్చి నీడలాంటి శత్రువును పుట్టించాడు. ఆటలో మరపురాని ఆ నీడ, ఇరుకులో తోచిన ఉపాయం. ఆయన డైరీ రాసుకున్నాడు కనకే ఇదంతా మనకు తెలుసు. పోయిందనుకున్న అసలు ప్రోగ్రాము 2012లో ఆయన తండ్రికి పాత పెట్టెలో ఫ్లాపీల రూపంలో దొరికింది. నిపుణులు దాన్ని జాగ్రత్తగా చదివి బయటికి తీశారు. అంత అదృష్టం అన్నిటికీ పట్టదు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది.

మన దగ్గరా ఈ చరిత్ర మొదలైంది. 2008 నాటి హిందీ గజిని సినిమా ఆధారంగా హైదరాబాదులోని ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ త్రీడీ కంప్యూటర్ ఆట తయారుచేసింది. అలాంటి తొలి ప్రయత్నాల డిస్కు ఒక్కటి బీరువాలో ఉంటే చాలదు. ప్రోగ్రాము, పక్కన పడేసిన బొమ్మలు, కుదరక వదిలేసిన అంచెలు, చిత్తు కాగితాలు, పనిచేసినవాళ్ళ జ్ఞాపకాలు కలిస్తేనే అది చరిత్ర. పాత యంత్రాన్ని కొత్త యంత్రంలో అనుకరించే ఎమ్యులేటర్ ఆటను మళ్ళీ నడిపిస్తుంది. అది ఎందుకు అలా తయారైందో చెప్పవలసింది మనుషులే.

మనుషుల్ని అడిగి రాసుకునే దారి ఈ తూర్పు కనుమల్లోనే ఒకాయన వేశారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి, సవర గిరిజనుల దగ్గరే కూర్చుని సవర భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా పాలై, క్వినైను వాడకంతో వినికిడి పోగొట్టుకున్నారు. అయినా పని ఆపలేదు. 1931లో సవర భాషా బోధిని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. పలికినవాళ్ళు ఎలా పలికారో అలాగే రాయడం ఆయన పట్టుకున్న సూత్రం. ఆటల చరిత్రకూ అదే సూత్రం కావాలి.

ఈ పనికి పెద్ద నిధులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. కొండబడుల్లో చదివే పిల్లలు ఇప్పుడు ఫోన్‌లో ఆటలు ఆడుతున్నారు, రేపు వాళ్ళే ఆటలు తయారుచేస్తారు. అదే ఫోన్ అవ్వ ముందు పెట్టి బాగ్ థింసాలో ఏ అడుగు ఎందుకని ఆమె భాషలోనే అడిగి రికార్డు చేసుకోవచ్చు. రచ్చబండ మీద తాతను మేకల లెక్క అడిగి, ఊరి పేరు, తేదీ వేసి రాసుకోవచ్చు. ఆటలు తయారుచేసే యువకులు తమ చిత్తుప్రతులను చెరిపెయ్యకుండా ఒక నకలు దాచుకోవచ్చు. ఒంటరి మేకను పులి తినేస్తుంది. వెనక మరొకటి నిలబడితే దాని జోలికి రాలేదు. ఒక్కరి తలలోనే ఉన్న జ్ఞాపకానికి కూడా వెనక మరొకరు నిలబడాలి.