కొండ తర్వాత ఏముంది?

భిలాయిలో సైకిలంటే డ్యూటీకి వెళ్ళే బండి. సెక్టార్ల రోడ్లు తిన్నగా, చదునుగా ఉంటాయి; కొండ ఎక్కాలంటే ఉక్కు ప్లాంటుకు ఇనుప రాయి పంపే దల్లీ రాజహరా దాకా పోవాలి. జూలైలో నేను టీవీలో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం పెట్టుకు కూర్చుంటే, పక్కనున్నవాళ్ళు ముందడిగేది ‘మొత్తం ఎన్ని కిలోమీటర్లు?’ అనే.

ఆ లెక్కన 1926 పందేన్ని మించింది లేదు: 17 స్టేజీల్లో 5,745 కిలోమీటర్లు. ఇప్పుడు రోజుకొకటి చొప్పున 21 స్టేజీలు, 3,400 అటూ ఇటూ. అలాగని తేలికైపోలేదు. దూరం కన్నా రోజుల వరస ముఖ్యం. షిఫ్టుల్లో పనిచేసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు: డ్యూటీ ఎప్పుడూ ఎనిమిది గంటలే, నైట్ షిఫ్టు వెనక ఏం పడిందన్నదాన్ని బట్టే ఒళ్ళు హూనమవుతుంది.

2011 పందెంలో చివరి మూడు కీలక రోజులు చూడండి. గాలిబియే కొండ పందెంలోకి వచ్చి నూరేళ్ళయిందని 18వ స్టేజీని దానిమీదే ముగించారు. అంతకుముందే అన్యెల్, ఇజువార్ కనుమలు ఎక్కి దిగాలి. ఆండీ ష్లెక్ అనే రైడరు ఇజువార్ మీదే గుంపును వదిలేసి వెళ్ళి గెలిచాడు. వెనక మాత్రం 88 మంది గడువు దాటి చేరారు. గెలిచినవాడి టైముకి కొంత శాతం కలిపి ఆ గడువు కడతారు, దాటితే ఇంటికే. అంతమందిని పంపేస్తే పందెమే మిగలదు కనక, ఉండనిచ్చి పాయింట్లు కోశారు.

మర్నాడు 109.5 కిలోమీటర్లే, చివర 21 మలుపుల ఆల్ప్ దుయెజ్. చిన్న స్టేజీ అని మురిసిపోవడానికి లేదు. కాంటడార్ అనే మరో రైడరు మొదటి కొండమీదే జోరు పెంచాడు. ముందువాడు త్వరగా చేరితే వెనకవాళ్ళ గడువూ కుంచించుకుపోతుంది. బరువైన తొడల స్ప్రింటర్లకి అదే ప్రాణసంకటం. వాళ్ళలో ఒకడైన కావెండిష్ రెండు రోజులూ గడువు దాటి ఇరవయ్యేసి పాయింట్లు పోగొట్టుకుని కూడా, పాయింట్ల పోటీలో గెలిచినవాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ దక్కించుకున్నాడు, అది వేరే సంగతి.

మూడో రోజు గ్రెనోబుల్లో 42.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరూ ఒంటరిగా గడియారంతో పోటీ. ప్రత్యర్థి కేడెల్ ఇవాన్స్ మీద 57 సెకన్ల ఆధిక్యంతో బయల్దేరిన ష్లెక్, చివరికి 1 నిమిషం 34 సెకన్లు వెనకబడ్డాడు. ఆ టైమ్ ట్రయల్ కొండలకి ముందే పెట్టి ఉంటే, ఎంత రాబట్టాలో తెలుసుకుని మరీ ఎక్కేవాడు.

ఏటా అక్టోబరులో పారిస్‌లో కొత్త దారి ప్రకటిస్తారు. ఈసారి మొత్తం దూరం పక్కనబెట్టి, చివరి వారంలో దేని తర్వాత ఏది పెట్టారో చూడండి.