రైలు కొలువు

మగవాళ్లు బొమ్మలకొలువు పెట్టరని ఎవరన్నారు? జహీరాబాదులో మా అన్న ఇంటికొచ్చి చూడండి. రిటైరయ్యాక, పాత తలుపుచెక్క ఒకటి రెండు బల్లల మీద పరిచి దాని మీద రైలు కట్టాడు. మూడేళ్లు పట్టింది. ఈ మూడేళ్లలో మా వదినె పోగొట్టుకున్నవి: ఒక సూదుల డబ్బీ, ఒక కాటుక భరిణె, లెక్కలేనంత టీపొడి, కాస్త మనశ్శాంతి.

"కథలకు వంకలు పెడ్తవు గద, దీనికి గూడ పెట్టు చూద్దాం" అన్నాడు మొన్న. అడిగి మరీ పెట్టించుకున్నాడు కనుక ఇందులో నా తప్పేం లేదు.

మా ఊరి మీదుగా వికారాబాదు నుంచి పర్లికి పోయేది వెడల్పు పట్టాల రైలు. అన్న కట్టింది దాన్ని కాదు. లాతూరు నుంచి కుర్దువాడి, పండరిపురం మీదుగా మిరజ్ దాకా ఒకప్పుడు నడిచిన బార్సీ లైట్ రైల్వేని. ఎవరార్డ్ కాల్‌త్రాప్ అనే ఇంగ్లీషు ఇంజనీరు తలపెట్టిన ఈ లైను 1897లో మొదలై, 1911లో లాతూరు చేరింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. తర్వాత అదంతా వెడల్పు పట్టాలుగా మారిపోయి, చిన్న రైలు జ్ఞాపకంగా మిగిలింది. అమ్మ పెళ్లయిన కొత్తలో అత్తగారి వెంట ఆ రైలెక్కి పండరిపురం పోయొచ్చింది. చిన్నప్పుడు మేం అన్నానికి మారాం చేస్తే ఆ రైలు కథే చెప్పేది. అన్న దాన్నే ఎంచుకోవడానికి కారణం వేరే చెప్పక్కర్లేదు.

బొమ్మ కొలత అసలులో 87వ వంతు. రెండున్నర అడుగులంటే 762 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే తొమ్మిదికి కాస్త తక్కువ. సరిగ్గా తొమ్మిది మిల్లీమీటర్ల ఎడంతో పట్టాలు బజార్లో దొరుకుతాయి. నిజానికవి ఇంకా చిన్న కొలతలో చేసిన బొమ్మరైళ్ల కోసం తయారైనవి. ఆ పట్టాలూ, ఆ చక్రాలూ తెచ్చుకుని, పైన మనకు కావలసిన ఇంజను ఒళ్లు కట్టుకోవడమే. పాత లైనింగుకి కొత్త జాకెట్టు గుడ్డ వేసి కుట్టడం తెలిసిన మనకు ఇదేం బ్రహ్మవిద్య కాదు.

ముందు మెచ్చుకోవలసినవి మెచ్చుకుంటాను. పల్చని రేకు మీద వెనకవైపు నుంచి మొండిసూదితో ఒత్తి, ముందువైపు రివెట్లు లేపాడు. ఒక్క నీళ్లతొట్టికే నూట నలభై. ఇత్తడి తీగతో చేతిపట్లు. పెట్టెలో నిజం బొగ్గే, దంచి జల్లెడ పట్టింది. పట్టాల పక్కన మట్టి మా వదినె టీపొడి. పొగగొట్టం చుట్టూ మసి ఆమె కాటుక. ఈ కాటుక నాకు అన్నిటికంటే నచ్చింది. అమెరికాలో మాంటెరీ ఊళ్లో జాన్ ఆలెన్ అనే ఆయన బొమ్మరైళ్లకి కావాలని మసీ తుప్పూ పూసి, వాడిన వస్తువుకే అందమని చూపించాడు. 1973 జనవరిలో ఆయన పోయిన కొద్దిరోజులకే ఆ రైలూ కాలిపోయింది. ఫొటోలు మిగిలాయి. వాటిలో రైళ్లు పని చేసి అలిసినట్టుంటాయి. అన్న ఇంజనూ అలాగే అలిసినట్టుంది.

ఇక వంక. రివెట్లు సరిగ్గా ఉన్నాయి కానీ చక్రాలు తప్పు. కిట్సన్ కంపెనీవాళ్లు లీడ్స్‌లో ఈ లైనుకి మొదట చేసిచ్చిన ఇంజన్లకి ఎనిమిది పెద్ద చక్రాలు, వెనక నాలుగు చిన్నవి. అన్న ఇంజనుకి పెద్దవి ఆరే! బజార్లో దొరికినవి అవేనట. "ఎవరు లెక్కపెడ్తరే?" అన్నాడు.

నేను పెట్టాను. ఎందుకంటే కథంతా ఆ చక్రాల్లోనే ఉంది. ఏ ఇరుసు మీదా అయిదు టన్నులకు మించి బరువు పడకూడదన్నది కాల్‌త్రాప్ లెక్క. పెద్ద గుండిగను ఇద్దరు మోస్తే నడుములు పోతాయి, ఆరుగురు పడితే లేస్తుంది. బరువును అలా పంచితే పల్చటి పట్టాలు చాలు. పట్టాలు పల్చనైతే ఖర్చు తగ్గుతుంది. ఖర్చు తగ్గితేనే మెట్టపొలాల ఊళ్లకి రైలొస్తుంది. ఆ ఎనిమిది చక్రాల పుణ్యానే మా అమ్మ పండరిపురం చూసింది. రివెట్టు చూసి ఇది ఇంజను అనుకుంటాం, చక్రాలు చూస్తే ఇది ఎవరికోసం పుట్టిన ఇంజనో తెలుస్తుంది.

మన కొలువులోనూ అంతే కదా! కొండపల్లి తెల్లపొణికి చెక్కలో తాటిచెట్టెక్కే మనిషికి గోళ్లు చెక్కరు. కానీ ఎక్కుతున్నాడని చూడగానే తెలుస్తుంది. సన్నపనికి విలువ ఎంత సన్నమనే దాంట్లో లేదు, ఏం చెబుతుందనే దాంట్లో ఉంది. నవల్లో నాయిక చీర అంచు రెండు పేజీలు వర్ణించి, ఆమెకి ఏడుపెందుకొచ్చిందో చెప్పని రచయితల్నీ చూశాం.

ఇదంతా నేను దంచుతూంటే ఎనభై అయిదేళ్ల అమ్మ చేతికర్ర ఊతంతో వచ్చి కూచుంది. రైలు రెండు చుట్లు తిరిగింది. అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని చూసింది.

"రైలు మంచిగున్నది బిడ్డా. ఎక్కేటోళ్లేరి?"

నాకు నోట మాట రాలేదు. చక్రాలు లెక్కపెట్టిన విమర్శకురాలికి ప్లాట్‌ఫారం ఖాళీగా ఉందని కనిపించనే లేదు. పండరిపురం రైలుకి జనం లేకపోవడమేమిటి? తులసికుండ నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లేరి? మూటా ముల్లే, చంకలో పిల్లా, వెనక కొత్తకోడలూ ఏరి? లైను పోయింది, ఇంజన్లు పోయాయి. ఎక్కినవాళ్లు కూడా ఒక్కొక్కరే పోతున్నారు. ఈ చెక్క మీద కూడా వాళ్లకి చోటు లేకపోతే ఇంకెక్కడుంటుంది?

అన్న ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే వదినె వంటింట్లోంచి కేకేసింది, పోపుడబ్బా మాయమైందని. వెళ్లి చూస్తే, ఆ రైలు ముందు అన్న భూతద్దం పెట్టుకుని కూచున్నాడు. బొటనవేలి గోరంత మైనపు ఆడమనిషి నెత్తి మీద ఆవగింజ ఒకటి నిలబెడుతున్నాడు. 87వ వంతు కొలతలో అది సరిగ్గా తులసికుండంత.

చక్రాలు ఇప్పటికీ ఆరే. అయినా ఈసారికి నేను వంక పెట్టను.