సింగరేణిలో యంత్రం - ఎవరి మస్టరు?

కొత్త టెక్నాలజీ మీద మన ఆర్థికవేత్తలు రాసేదంతా ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది: తలకు ఎన్ని టన్నులు? సింగరేణి విషయంలో ఆ లెక్క ముచ్చటగానే ఉంటుంది. 1990-91లో లక్షకు పైగా కార్మికులు తీసిన బొగ్గు 2 కోట్ల టన్నులకు లోపే. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు, పర్మినెంటు కార్మికులు 40 వేల చుట్టూ. తగ్గిన ఆ మనుషులెవరన్న ప్రశ్న మాత్రం లెక్క రాసినవాళ్ళకు తోచదు.

బాయిల తట్టా చెమ్మసు పట్టినోళ్ళు వాళ్ళు. పేల్చిన బొగ్గును టబ్బుకెత్తి పీసు రేటు మీద బతికిన ఫిల్లర్లు. వాళ్ళలో మాల మాదిగలు, వెనకబడిన కులాలోళ్ళే ఎక్కువ. ఊర్ల దొర వెట్టి తప్పించుకొని బాయికొస్తే ఇక్కడా అడుగు మెట్టే దొరికింది. కాకపోతే అది కంపెనీ మస్టరు. క్వార్టరు, దవాఖాన దాని వెంటే వచ్చినయి. 1992లో, మళ్ళీ 1996లో కంపెనీ బి.ఐ.ఎఫ్.ఆర్. గడప ఎక్కినప్పుడు ఈ మస్టరే బరువన్నారు. సరళీకరణ భాషలో మనిషి పేరు 'మిగులు' అయింది. ఎస్.డి.ఎల్. యంత్రాలు తట్టను తప్పించినయి. 2006లో కొత్తగూడెం వి.కె.7 బాయిల విదేశీ కంటిన్యూయస్ మైనర్ దిగింది. బొగ్గు కోసేదీ అదే, ఎత్తిపోసేదీ అదే.

తట్ట పోయిందని నేను ఏడ్వను. నడుము విరిచే ఆ పనిని గొప్ప శ్రమ అని పొగిడినోళ్ళలో దాన్ని మోసినోళ్ళు తక్కువ. యంత్రాన్ని తిట్టే గాంధీవాదాన్ని అంబేద్కర్ ఒప్పుకోలేదు. తప్పు యంత్రానిది కాదు, దాన్ని సొంత లాభానికి కట్టేసిన సమాజానిది అన్నాడు. 1943లో లేబర్ మెంబరుగా ధన్‌బాద్ గనులు స్వయంగా చూసిన మనిషి మాట అది.

అసలు దెబ్బ ఓపెన్‌కాస్టులో ఉంది. బొగ్గు మీది మట్టి తీసే పని ఎక్కువగా ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతిలోకి పోయింది. గని ప్రభుత్వానిదే, బొగ్గు ప్రభుత్వానిదే, డంపరు మాత్రం కాంట్రాక్టరుది. రిజర్వేషన్ రోస్టరు కంపెనీ నియామకం దగ్గరే ఆగిపోతుంది, కాంట్రాక్టరు గేటు దాటి లోపలికి పోదు. తండ్రి కంపెనీ ఫిల్లరైతే కొడుకు అదే నేల మీద కాంట్రాక్టరు మనిషి. దీన్ని సామర్థ్యం అంటున్నారు.

యూనియన్లనూ అడగాల్సిందే. యంత్రమొస్తే ఎన్ని ఉద్యోగాలు పోతయో లెక్కగట్టినయి గానీ, ఏ కులాలోళ్ళవి పోతయో నోరు తెరిచి అనలేదు. కార్మికుడికి కులమేందన్నారు. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు హైపవర్ కమిటీ వేతనాల కోసం సమ్మెకు దిగారు. న్యాయమైన డిమాండే. అందులోనూ రోస్టరు ముచ్చట ముందుకు రాలేదు.

ఇప్పుడు కొత్తగూడెంలో సింగరేణి సోలారు పలకలు కూడా వెలుగుతున్నయి. బొగ్గు తర్వాత కాలం ఇదేనట. పలకలు తుడిచేటోళ్ళ మస్టరు ఎవరి దగ్గరుంటదో ఇప్పుడే అడగాలె. ఓపెన్‌కాస్టుల కాంట్రాక్టు మస్టర్లను, కులాలవారీగా, కంపెనీ బయట పెట్టాలె. ఈ పని మొదలుపెట్టడానికి యూనివర్సిటీ పరిశోధన అక్కర్లేదు, బస్తీల్లో తిరిగి పేర్లు రాసుకునే పదిమంది విద్యార్థులు చాలు.