రాయి మాట వినే చెవులు

జనగామ గుట్టల్లో వడ్డెర పనివాడు ముందు బండను తడుముతాడు, సుత్తితో తట్టి వింటాడు. రాయి ఏ వాటాన చీలుతుందో తెలిశాకే వరుసగా గుంటలు తొలిచి, ఇనుప చీలలు దింపి, ఒక్కోదాని మీద కొంచెం కొంచెంగా దెబ్బ వేసుకుంటూ పోతాడు. మోత మారగానే చేయి ఆగుతుంది. కాసేపటికి అంత బండా గీత గీసినట్టు విడిపోతుంది. ఇంత ఓపిక నేను మరే పనిలోనూ చూడలేదు.

ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కరిగిన శిల నేల లోతున నిదానంగా చల్లారింది కాబట్టే అందులోని పలుకులు కంటికి కనబడేంత పెరిగాయి. పైపొరలు అరిగిపోయాక అది బయటపడింది. దాని అడుగున సుమారు 35 కిలోమీటర్ల దాకా భూపటలం, ఆ కింద మ్యాంటిల్. పటలమూ మ్యాంటిల్ పైభాగమూ కలిసిన ఫలకం మనల్ని మోసుకుని ఏటా 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతోంది. మహబూబాబాద్ జిల్లాలోనూ చాలాచోట్ల ఈ పాత శిలే.

భూపాలపల్లిలో కథ వేరు. గోండ్వానా ఖండం సాగినప్పుడు గోదావరి పొడవునా నేల పగుళ్ల మధ్య కుంగింది. ఆ పల్లంలో పూడిన అడవులే 25 కోట్ల ఏళ్లు దాటిన బొగ్గు. సింగరేణి భూగర్భ గనుల్లో కార్మికులు కడ్డీతో పైకప్పును తట్టి వింటారు. ఖంగుమంటే నిలుస్తుంది, డొల్లగా పలికితే ఆసరా పడాల్సిందే. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది కూడా ఈ గోదావరి లోయలోనే.

మళ్లీ జనగామ గుట్టలకు వస్తే, వడ్డెరల ఊపిరితిత్తుల్లోకి పోయే రాతి దుమ్ము సిలికోసిస్ తెస్తుంది. నీళ్లు చల్లుతూ తొలిచే యంత్రం, మంచి మాస్కు వాళ్లకు ఇవ్వడం క్వారీ యజమాని బాధ్యత.