బాఖ్ 'కోరస్' - గాయకుల సంఖ్య: ప్రతులు, విజ్ఞాపన పత్రం - ఒక పరిశీలన

1829లో ఫెలిక్స్ మెండెల్సన్ బెర్లిన్‌లో సెయింట్ మాథ్యూ పాషన్‌ను పునఃప్రదర్శించినప్పుడు నూటయాభైమందికి పైగా గాయకులు పాల్గొన్నారు. బాఖ్ (1685-1750) చర్చి సంగీతమంటే మహాగాయక సమూహమన్న భావన ఆ శతాబ్దంలోనే స్థిరపడింది. 1981లో అమెరికన్ సంగీత పరిశోధకులు జాషువా రిఫ్కిన్ దీనిని ప్రశ్నించారు. సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్ స్వరభాగాలలో ఒక్కొక్కదానికి ఒక్క గాయకుడే ఉండడం బాఖ్‌కు సాధారణ పద్ధతి అని ఆయన ప్రతిపాదన.

దీనికి ప్రధానాధారం లైప్‌జిగ్ కాలపు లిఖిత ప్రతులు. వాటిలో వయొలిన్ భాగాలకు తరచుగా రెండేసి ప్రతులున్నాయి. గాత్ర భాగాలకు ఎక్కువగా ఒక్కొక్కటే. ఒకే ప్రతిని ఇద్దరు ముగ్గురు చూసి పాడి ఉండవచ్చునని ఆర్నాల్డ్ షేరింగ్ ఏనాడో భావించారు. టోన్ కూప్మన్ వంటివారు నేటికీ రిఫ్కిన్‌తో ఏకీభవించరు. అయితే ఏకగానం ఎక్కడ ముగిసి తక్కినవారు ఎక్కడ అందుకోవాలో తెలిపే సూచనలు ఆ ప్రతులలో సాధారణంగా కనిపించవు. నోటిమాటగా చెప్పి ఉండవచ్చు కదా అన్న ఆక్షేపణ సహజమే. కానీ అదనపు గాయకులు అవసరమైన సెయింట్ జాన్ పాషన్ వంటి రచనలకు వారి కోసం వేరే ప్రతులే రాయించారు. ఈ ఆధారం ముందు ఆ ఆక్షేపణ బలహీనపడుతుంది.

ప్రతిపక్షం ప్రధానంగా ఆశ్రయించేది 1730 ఆగస్టు 23న బాఖ్ నగరపాలక మండలికి సమర్పించిన విజ్ఞాపన పత్రాన్ని. ప్రతి బృందానికీ స్వరానికి ముగ్గురు చొప్పున కనీసం 12 మంది ఉండాలని, 16 మంది ఉంటే మరీ మేలని అందులో ఉంది. ఈ అంకెలను మాత్రమే ఉదాహరించి, వెంటనే ఉన్న కారణాన్ని విడిచిపెట్టడం విమర్శలో తరచుగా జరిగే లోపం. ఎవరైనా జబ్బుపడినా కనీసం జంటబృందాల మోటెట్ పాడగలగడానికే ఆ సంఖ్య అని బాఖ్ స్వయంగా పేర్కొన్నారు. జంటబృందాల మోటెట్‌లో స్వరభాగాలు మామూలుగా ఎనిమిది. ముగ్గురిలో ఒకరు తగ్గితే స్వరానికి ఇద్దరు, అనగా మొత్తం ఎనిమిదిమంది మిగులుతారు. భాగానికి ఒక్కరే! కనుక ఆ పన్నెండు అందుబాటులో ఉండవలసినవారి పట్టికే తప్ప ఒక కాంటాటాలో గొంతు కలిపినవారి లెక్క కాదు. ఆండ్రూ ప్యారట్ గ్రంథం (2000) ఈ అన్వయాన్నే విస్తరించింది.

రిఫ్కిన్ వాదాన్ని అన్ని రచనలకూ వర్తించే సూత్రంగా స్వీకరించడమూ పొరపాటే. 1708లో మ్యూల్‌హౌజెన్‌లో రచించిన 'గాట్ ఇస్ట్ మైన్ కోనిష్' కాంటాటాకు సైతం అదనపు గాయకుల ప్రతులున్నాయి.

తెలుగులో 'కోరస్'కు 'బృందగానం' అని వాడుతున్నాం. పలువురు ఒకే వరుసను పాడడమన్న అర్థం ఈ మాటలో ముందే చేరిపోయింది. బాఖ్ రచనల్లో అది నాలుగు స్వరభాగాలూ కలిసి పలికే ఘట్టం మాత్రమే. ఈ భేదం గాయకుల లెక్కతో ఆగదు. సెయింట్ జాన్ పాషన్‌లో కథకుని టెనార్ ప్రతిలోనే కోరస్‌లు కూడా ఉన్నాయి. క్రీస్తును సిలువ వేయమని కేకలు వేసే గుంపులో, ఆ కథ చెబుతున్నవాని గొంతు కూడా వినిపిస్తుంది.